తెల్ల గుర్రం ఒడ్డున, అయ్యగారు పడవలో

మా ఆయన పొగపడవ కొని దానికి వాళ్ల అమ్మ పేరు పెట్టాడు. ఈ సంగతి ముందే చెప్పేస్తే, కథలో నేనెక్కడైనా చిరాకు పడితే ఎందుకో మీకు తెలుస్తుంది. "హెఫ్సీబా" అని కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి, మనిషెత్తు ఎర్ర అక్షరాలు రాయించాడు. మా అత్తగారు అప్పటికే పోయి చాలా కాలమైంది. మంచి మనిషే పాపం, కానీ బతికినన్నాళ్లూ నేను కాల్చిన రొట్టెను ఒక్కసారి బాగుందన్న పాపాన పోలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు. నాకు దుత్తతో పనిలేకపోయింది. మేముండే కియోకక్ రేవులో అత్తగారే నీళ్ల మీద తేలుతూ ఎదురుగా కనిపించేది.

మా ఆయన పేరు అబ్నేరు. అంత మెత్తని మనిషిని నేను ఇంకొకణ్ని చూడలేదు. గొంతెత్తి ఒక మాట అనడు, ఉన్నది నలుగురికీ పెట్టి తను తింటాడు. ఒక్కటే జబ్బు, నది. భోజనానికి పిలిస్తే కుర్చీ నదివైపు తిప్పుకుని కూర్చునేవాడు. నేను ఏదైనా చెబుతుంటే ఊకొడుతూనే నా భుజం మీదుగా నీళ్లు చూసేవాడు. పెళ్లయిన కొత్తలో నా వెనక ఎవరో ఉన్నారేమోనని తిరిగి తిరిగి చూసేదాన్ని. తర్వాత అలవాటైపోయింది. సవతి పోరు అంటారు కదా, నా సవతికి అడుగున బురద ఉండేది, అంతే తేడా.

డిమోయిన్ నది పైన, కట్లర్ రేవు దగ్గర మాకు కొంత భూమి ఉంది. నల్లటి మట్టి, పిడికిట్లో పట్టుకుంటే ముద్దయ్యే మట్టి. అక్కడ ఒక ఇల్లు కట్టుకుని, మొక్కజొన్న వేసుకుని, నేల మీద స్థిరంగా నిలబడాలని నా కోరిక. ఆ భూమి దున్నడానికి బదులు అబ్నేరు పడవ కొన్నాడు. అడుగు చదునుగా ఉండే చిన్న పడవ. గడ్డి మీద మంచు కురిస్తే చాలు, దాని మీద నడిపేస్తానని అందరికీ చెప్పుకునేవాడు.

కట్లర్ రేవు దాకా అంతకుముందు ఏ పొగపడవా పోలేదు. చలికాలం గడిచేసరికి ఆ ఊళ్లో ఉప్పు, గోధుమపిండి నిండుకున్నాయి. వసంతపు వరద ఉండగా సరుకు తెచ్చి దింపితే ఇక మీదట ఊరి సరుకంతా మీ పడవకే అని అక్కడి వర్తకులు కబురు పంపారు. వరద తీసేలోపు చేరాలి. చేరలేకపోతే మమ్మల్ని నమ్మి ఒక్క బస్తా ఎక్కించే నాథుడు ఉండడు.

"ఈ ఒక్క వరద చూద్దాం సిల్లా," అన్నాడు అబ్నేరు. నా పూర్తి పేరు ద్రుసిల్ల. "చేరితే పడవ ఉంచుకుందాం. చేరకపోతే అమ్మేసి నీ పొలానికి పోదాం. మళ్లీ నది పేరెత్తను."

నేను సరేనన్నాను. సరేనని, తిన్నగా బజారుకు పోయి ఒక నాగలి కొనుక్కొచ్చి పడవలో పెట్టించాను. దానితోపాటు నా గుర్రాన్ని కూడా ఎక్కిస్తానన్నాను. పడవ ఓడిపోయిన చోటే దిగి దున్నుకోవచ్చు కదా అని నా లెక్క. అబ్నేరు నాగలిని చూసి నవ్వాడు. గుర్రం మాట వినగానే నవ్వు ఆగిపోయింది.

నా గుర్రం పేరు జూనో. కెంటకీలో మా నాన్న నాకిచ్చిన ఆడగుర్రం. పాలనురుగులా తెల్లగా ఉంటుంది. దానికి నేను తప్ప లోకంలో ఇంకెవరూ గిట్టరు. పడవలో తెల్ల గుర్రం ఉంటే తప్పేం లేదు. ఫాదిరీ గారు ఉన్నా తప్పు లేదు. కానీ తెల్ల గుర్రమూ ఫాదిరీ కలిసి ఒకే పడవ ఎక్కితే ఆ పడవ మునగాల్సిందేనని నది మీద బతికే ప్రతివాడి నమ్మకం. ఎందుకని అడిగితే వాళ్లకీ తెలియదు. అలా మునిగిన పడవల పేర్లు మాత్రం గడగడా అప్పగిస్తారు.

మా పడవలో అప్పటికే ఓబద్యా అయ్యగారు ఉన్నారు. నదికి పైనున్న పల్లెలు తిరిగి వాక్యం చెప్పే ముసలాయన. చలికాలంలో ఆయన గుర్రం చచ్చిపోయింది, కాళ్లేమో వాచి ఉన్నాయి. ఏ ఫాదిరీ వచ్చినా కాదనకుండా, పైసా అడక్కుండా ఎక్కించుకుంటానని అబ్నేరు వాళ్ల అమ్మ చావుమంచం దగ్గర మాటిచ్చాడు. మరి ఆవిడ పేరే ఉన్న పడవలోంచి ఆయన్ను ఎలా దింపుతాడు? నేనేమో జూనోని వదిలిపెట్టి అడుగు కదపనన్నాను.

అప్పుడు మా ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు గుండె దడే. పొగగొట్టంలో మసి గోకించి, పందికొవ్వులో కలిపి, కళాసీలు రేవులో బస్తాలు మోస్తుండగా ఇద్దరం కలిసి జూనోకి ఒళ్లంతా పూశాం. అది నావైపు చూసిన చూపు నేనిప్పటికీ మరిచిపోలేదు. అయ్యగారికి నల్లకోటు విప్పించి అబ్నేరు పాత గోధుమరంగు కోటు తొడిగాం. గడియారాలు అమ్ముకునే ఆయనని కళాసీలతో చెప్పాం.

"నేను అబద్ధమాడను నాయనా," అన్నారు అయ్యగారు. "ఎవరూ అడక్కపోతే మాత్రం నోరు విప్పను."

ఆయన అన్నమాట నిలబెట్టుకున్నారు, మొదటి భోజనం దాకా. చిక్కుడు గింజలు, ఉప్పు పందిమాంసం, మొక్కజొన్న రొట్టె వడ్డించి, తినే ముందు ఎవరైనా రెండు మాటలు ప్రార్థన చేయండని నేనే అన్నాను. నా నోటికి తాళం వేయాలి. ముసలాయనకు కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. పడవ కోసం, బాయిలరు కోసం, బాయిలరులో కట్టెలు వేసేవాడి కోసం, వాడి తల్లిదండ్రుల కోసం, కట్లర్ రేవులో ఉప్పు లేని ప్రతి ఇంటి కోసం పేరుపేరునా ప్రార్థించారు. గింజలు చల్లారి కొవ్వు పేరుకుంది. కళాసీల మేస్త్రీ కెల్లహర్ ఐర్లండు మనిషి. తల వంచుకునే ఒక కన్ను తెరిచి ఆయన్ని ఎగాదిగా చూశాడు. ఆమెన్ అన్నాక మాత్రం, గడియారాలు అమ్ముకునేవాడికి టైము తెలియకపోవడం వింతగా ఉందన్నాడు. అనేసి రొట్టె తుంచుకున్నాడు. గుర్రం నల్లగా ఉంది కదా, ఫాదిరీ ఒక్కడే అయితే బెంగ లేదనుకున్నాడేమో.

మర్నాడు వాన పట్టుకుంది. సన్నగా మొదలై, మధ్యాహ్నానికి కుండపోతైంది. నేను వంటగదిలోంచి బయటికి వచ్చేసరికి పడవ చెక్కల మీద నల్లటి నీళ్లు కాలువ కట్టి కళాసీల కాళ్ల కిందికి పారుతున్నాయి. జూనో చారలు చారలుగా నిలబడి ఉంది. చూస్తుండగానే చారలు కూడా పోయి, కడిగిన పింగాణీలా తళతళలాడింది. ఎవరైనా నోరు తెరిచేలోపే పడవ అడుగు కిరకిరమంది. వంటగదిలో గిన్నెలన్నీ బోర్లాపడ్డాయి. హెఫ్సీబా ఇసుకమేట ఎక్కి కూర్చుంది.

కళాసీలు మూటలు సర్దుకున్నారు. కెల్లహర్ టోపీ తీసి చేత్తో పట్టుకుని అబ్నేరు ముందుకొచ్చాడు.

"కెప్టెన్ గారూ, మీ మీద మాకేం కోపం లేదండీ. అమ్మగారి చేతి అన్నం తిన్నాం. కానీ నాకు పెళ్లాం ఉంది. ఆ రెండిట్లో ఒకటి దిగేదాకా మోకు మీద చెయ్యి వేయం."

అని మర్యాదగా చెప్పి, చిన్న పడవలో మనుషుల్ని ఎక్కించుకుని ఒడ్డుకు పోయి చెట్టు కింద కూర్చున్నాడు. అయ్యగారు వెంటనే లేచి, తాను దిగి నడిచిపోతానన్నారు. ఆ వాచిన కాళ్లతో ఆయన గుమ్మం దాకా నడవడమే గగనం. అబ్నేరు ఆయన భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాడు.

తర్వాత పడవ పక్కన మేటలో ఒక కర్ర గుచ్చి చూశాడు. కాసేపటికే కర్ర మీద తడి గీత పైన, నీళ్లు కింద. ఈ వాన ఒక లెక్క కాదు, పైనుంచి వచ్చే వరద తీస్తోంది. సాయంత్రందాకా ఇలాగే ఉంటే పడవ పొడినేల మీద ఉంటుంది. అబ్నేరు చుక్కాని గదిలోకి పోయి చక్రం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను వెనకే వెళ్లాను.

"నువ్వే గెలిచావు సిల్లా," అన్నాడు. "వాన తగ్గగానే నీ నాగలి దింపుకుందాం."

జూనోని దింపమని ఆయన నన్ను అడగలేదు. ఒక్క మాట అడిగితే అయిపోయేది. అది మా నాన్న ఇచ్చిన గుర్రమని, దాన్ని వదిలి నేను రానని అన్నానని, ఇక ఆ మాటే ఎత్తలేదు. నేను నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, నల్లమట్టి నాదే, ఇల్లు నాదే. నిజం చెబుతున్నాను, ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఆ మనిషి ముఖం నావైపు తిప్పుకుని నవ్వడానికి ప్రయత్నిస్తూ, చేత్తో మాత్రం చక్రాన్ని నిమురుతున్నాడు, జబ్బుపడ్డ బిడ్డ వీపు నిమిరినట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత మంచితనం ఉన్న మగవాడితో దెబ్బలాడి గెలవడం కంటే ఓడిపోవడమే నయం.

జూనో దిగుతుందని చెప్పాను. దానితోపాటు నేనూ దిగుతాను, ఎందుకంటే అది ఇంకెవరినీ దగ్గరికి రానివ్వదు. మీరు నీళ్ల మీద రండి, నేను ఒడ్డంట వస్తాను, కట్టెల కోసం పడవ ఆపిన చోట కలుసుకుందాం అన్నాను. వాగులు పొంగి ఉన్నాయనీ బురదనీ అబ్నేరు ఏవేవో చెప్పబోయాడు.

"మీ అమ్మ మీద ప్రయాణం కంటే నా గుర్రం మీద ప్రయాణమే నాకు సుఖం," అన్నాను. "నువ్వు మోకు సంగతి చూసుకో."

జూనో గిట్టలు ఒడ్డు మీద పడ్డాయో లేదో, కెల్లహర్ మనుషులు లేచి వచ్చేశారు. ఏ పేచీ జరగనట్టే నాకు టోపీలు తీసి దండం పెట్టారు. ఒడ్డున ఒక లావుపాటి చెట్టుకు మోకు కట్టి, రెండో కొస పడవలో మోకు చుట్టే దిమ్మకు తగిలించి, దిమ్మ కర్రలు పట్టుకుని గానుగెద్దుల్లా గుండ్రంగా తిరుగుతూ లాగారు. లాగినంతసేపూ పడవను పేరుపెట్టి తిట్టారు. ఒసే హెఫ్సీబా, లేవవే ముసల్దానా, నీ నడుం విరగ, అని నోటికొచ్చినట్టు. నేను ఒడ్డున నిలబడి ఒక్క మాట కూడా పోకుండా విన్నాను. పడవ కదిలింది.

అలా మొదలైంది ఆ ప్రయాణం. నది మధ్య హెఫ్సీబా పొగ వదులుకుంటూ, ఒడ్డు మీద నేను, జూనో. గట్టు ఎత్తుగా ఉన్న చోట పైనుంచి చూస్తే నీళ్లు నాకు బట్టలా కనిపించేవి. లోతున్న చోట ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉండేవి. మేట ఉన్న చోట సన్నటి ముడతలు. పడవ ముందు కెల్లహర్ గెడ వేసి లోతు చెబుతూనే ఉన్నాడు కానీ గెడకు కాళ్ల కింద ఉన్నదే తెలుస్తుంది, ముందున్నది తెలియదు. ఒక వంపు దగ్గర అబ్నేరు తిన్నగా ముడతల మీదికి పోతుంటే, తలమీది ఎండటోపీ తీసి ఎడమకు ఊపాను. పట్టించుకోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పడవ అడుగు గీసుకుని, ఎలాగో బయటపడింది. తర్వాతి వంపులో మళ్లీ ఊపాను. ఈసారి చక్రం తిప్పాడు.

అక్కణ్నుంచి నేను టోపీ ఎటు ఊపితే పడవ అటు పోయింది. ఏ వంపు వచ్చినా చుక్కాని గదిలో అబ్నేరు ముఖం నీళ్లవైపు కాదు, ఒడ్డువైపు తిరిగి ఉండేది. అంత దూరం నుంచి కూడా నాకు తెలుస్తూనే ఉంది. పిల్లల్ని కనాల్సిన వయసు కూడా దాటిపోయిన ఆడదాన్ని, మోకాళ్ల దాకా బురద, టోపీ లేక ముక్కు ఎండకు తోలు లేచిపోయింది. అయినా లోపల ఏదో సంబరం. వెనక్కి తిరిగి చూశాను కూడా, ఆయన నా వెనక దేన్నైనా చూస్తున్నాడేమోనని. వెనక గడ్డి తప్ప ఏమీ లేదు.

కట్టెల కోసం ఆగినప్పుడల్లా అయ్యగారు నాకు రొట్టె, కాఫీ ఒడ్డుకు పంపేవారు. జూనో కోసం కూడా ప్రార్థన చేస్తున్నారని కెల్లహర్ చెప్పాడు. మసి పూసినందుకు దాని మనసులో కోపం తీసెయ్యమని అట.

అప్పుడొచ్చింది ఆ వాగు. మామూలప్పుడు కాళ్లు కూడా తడవని వాగట. వరద వెనక్కి తన్ని చెరువంత అయింది. జూనో దిగనంది. ఈదిస్తే ఇద్దరం పోతామని నాకూ అనిపించింది. వాగంట పైకి పోతే ఎక్కడో ఒకచోట సన్నబడుతుంది కదా అని అడవిలోకి తిప్పాను. సన్నబడలేదు. ముళ్లు, ఊబి, పడిపోయిన చెట్లు. దారి వెతుక్కుని అవతలి ఒడ్డు చేరి మళ్లీ నది దగ్గరికి వచ్చేసరికి పొద్దు బాగా వాలింది. దారిపొడుగునా ఒకటే అనుకున్నాను. నీళ్లు తీసేస్తున్నాయి, పడవ ఆగకూడదు, ఈపాటికి రెండు వంపులు దాటిపోయి ఉంటుంది, దాటిపోతేనే మంచిది. మంచిదని అనుకుంటూనే ఏడుస్తున్నాను.

చెట్లు దాటి గట్టెక్కి చూశాను. హెఫ్సీబా వాగు నదిలో కలిసే చోటే ఉంది. లంగరు వేసి, ఆవిరి వృథాగా వదిలేస్తూ నిలబడి ఉంది. వాగు గట్టు మీద తడి గీత నీళ్లకు జానెడు పైన కనపడుతోంది. అబ్నేరు చుక్కాని గది కప్పు మీదికెక్కి, చేతులు నుదుటికి అడ్డం పెట్టుకుని ఒడ్డువైపు చూస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి కూడా ఊపలేదు. అలాగే కప్పు మీద చతికిలబడిపోయాడు.

కాసేపటికి చిన్న పడవ వేసుకుని తనే ఒడ్డుకు వచ్చాడు. ఆయన వెనక కెల్లహర్ తెడ్డు వేస్తూ, ఎంత చెప్పినా వినలేదమ్మగారూ, ఒక పూట నీళ్లు పోగొట్టాం, మధ్యాహ్నం నుంచి అదే కప్పు మీద ఉన్నాడని గొణిగాడు.

"వరద తీసేస్తోంది కదయ్యా," అన్నాను. "నువ్వు వెళ్లిపోకపోయావా?"

"ఎక్కడికి?" అన్నాడు అబ్నేరు.

అడిగిన తీరు చూస్తే నిజంగానే ఆయనకు తెలియనట్టుంది. జూనో మెడలో ముఖం దాచుకున్నాను.

ఆ పోయిన పూటకు మూల్యం కట్లర్ రేవు కనుచూపు మేరలో ఉండగా చెల్లించాం. ఊళ్లో పొగలు కనిపిస్తున్నాయి, ఒడ్డున జనం కూడా కనిపిస్తున్నారు, మధ్యలో నదికి అడ్డంగా ఆఖరి మేట. నీళ్లు చాల్లేదు. మోకు కట్టడానికి దగ్గర్లో చెట్టు లేదు. లంగరు ముందుకు తీసుకుపోయి వేసి లాగితే మెత్తటి ఇసుకలో జారి తిరిగి వచ్చేస్తోంది. అబ్నేరు దిమ్మ పక్కన నిలబడి నావైపు చూశాడు. ఈసారి నేను టోపీ ఎటు ఊపినా లాభం లేదని ఇద్దరికీ తెలుసు.

నేను గట్టు మీదినుంచి అరిచాను. "కెల్లహర్, నా నాగలికి మోకు కట్టు."

వాడు అబ్నేరు ముఖం చూశాడు. అబ్నేరు నా ముఖం చూశాడు. అది నీదని ఆయన అంటున్నట్టు పెదవులు కదిలాయి కానీ నాకు వినపడలేదు. రెండోసారి అరిచాను, కాస్త గట్టిగానే. వాళ్లు నాగలిని చిన్న పడవలో పెట్టి మేట అవతలికి తీసుకుపోయి దించారు. దిమ్మ తిప్పారు. కొత్త కర్రు ఇసుకలోకి దిగి, ఇంకా దిగి, గట్టిగా పట్టేసింది. ఆ నాగలి దున్నిన మొదటి చాలు అదే, ఆఖరిదీ అదే. హెఫ్సీబా మూలుగుతూ, తిట్లు తింటూ, అంగుళం అంగుళం మేట దాటి అవతలి నీళ్లలో పడింది.

రేవులో ఒక ముసలామె ఉప్పు బస్తా మీద చెయ్యి వేసుకుని దాన్ని వదల్లేదు. అయ్యగారికి ఆయన నల్లకోటు తిరిగి ఇచ్చేశాం. చలికాలమంతా ఫాదిరీ కోసం కాచుకున్న జంటలకు ఆ రేవులోనే వరసగా పెళ్లిళ్లు చేశారు. ఒక్కో పెళ్లికి ప్రార్థన ఎంతసేపు సాగిందో చెప్పక్కర్లేదు. వర్తకుల పెద్ద వచ్చి అబ్నేరు చెయ్యి పట్టుకుని, సరుకంతా ఇక నీదేనన్నాడు. నా మొగుడు తల ఊపాడు కానీ సంతోషం ముఖంలోకి రాలేదు. నా దగ్గరికి వచ్చాడు. చేతిలో వంకరపోయిన నాగలి ఉంది.

"దీన్ని కమ్మరి దగ్గర సరిచేయిస్తాను సిల్లా. పడవ అమ్మేద్దాం. ఒకసారి తీసుకొచ్చాను, చాలు. ఆ వాగు దగ్గర నువ్వు కనపడని ఆ పూట... నాకు మళ్లీ వద్దు."

నా జీవితంలో ఎవరైనా నాకివ్వబోయిన వాటిలో అంత పెద్దది ఇంకొకటి లేదు. నల్లమట్టి అక్కడే, గట్టు మీదే ఉంది. చూసి రావచ్చు కూడా. నేను మాత్రం ఆయన్ని చూశాను. గడ్డం పెరిగి, కళ్లు ఎర్రబడి, నాగలిని పసిపిల్లలా ఎత్తుకుని నిలబడ్డ ఆ మనిషిని. నా మీద నుంచి చూపు తిప్పడం లేదు. వెనక అంత నది ఉంది, ఒక్కసారి తల తిప్పలేదు.

"పొలంలో ఉంటే నువ్వు కిటికీలోంచి నదినే చూస్తూ కూర్చుంటావు," అన్నాను. "నది మీద ఉంటే నన్ను చూస్తున్నావు. నాకేది లాభమో నాకు తెలుసు. అది అవతల పారెయ్."

ఆయన నాగలి పారెయ్యలేదు. ఇప్పటికీ మా పడవకు రెండో లంగరు అదే. కాస్త తేరుకున్నాక, పడవకు నా పేరు రాయిస్తానని రంగు డబ్బా తెచ్చాడు. వద్దన్నాను. ఇసుకలో దిగబడ్డప్పుడల్లా కళాసీలు ఎవరిని తిడతారో నేను చెవులారా విన్నాను. ఉన్న పేరే చల్లగా ఉండనీ అన్నాను. ఆయన నవ్వీ నవ్వీ డబ్బా మూత పెట్టేశాడు.

వానలకు నది మళ్లీ నిండాక తిరుగు ప్రయాణం కట్టాం, అందులో అయ్యగారు లేరు. జూనో పడవ ఎక్కినా ఎవరికీ అభ్యంతరం లేదు. కెల్లహర్ స్వయంగా గడ్డి పరిచాడు, దాని చేత కరిపించుకున్నాడు కూడా. అయినా నేను ఒడ్డంటనే వస్తానన్నాను. ఒక వంపు దగ్గర నీళ్లు నిండుగా, ఇస్త్రీ చేసినట్టు ఉన్నాయి. మేట లేదు, ముడత లేదు. అయినా టోపీ తీసి ఊపాను. కుడికా ఎడమకా తెలియక అబ్నేరు చక్రం వదిలేసి, గుమ్మంలోకి వచ్చి, నావైపే చూస్తూ నిలబడిపోయాడు.